హైదరాబాదుకు గంటన్నర

శ్రీ కాండ్రేగుల సత్యారావు గారు చోడవరం చెరకు రైతుల సంఘంలో గుమాస్తాగా చేరినది 1949 జూలై పదకొండవ తేదీన. ముప్పై సంవత్సరాల సేవానంతరం ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఇంతకాలంలో వారు ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడలేదు. అందువల్ల రావలసినవి కొన్ని వారికి రాలేదు. ఆ సంగతి దాచి అభినందన రాస్తే వారికే కోపం వస్తుంది.

తొలి సంవత్సరాలలో కె.కోటపాడు పరిసర గ్రామాలన్నీ సైకిలు మీద తిరిగి రైతుల విశ్వాసాన్ని చూరగొన్న సత్యారావు గారు, 1966లో హెడ్ గుమాస్తా అయ్యారు. ఆ హోదా దగ్గరే ఎందుకు ఆగిపోయారో ఇక్కడ చెప్పితీరాలి.

1973 జనవరిలో చెరకు ధర నిర్ణయించే సమావేశం హైదరాబాదులో ఏర్పాటైంది. రైతుల ప్రతినిధి హాజరు కాకపోతే మిల్లుల వారు చెప్పిన ధరే ఖాయం. వారం కిందటి తేదీ వేసిన ఆహ్వానం మాత్రం ముందు రోజు సాయంత్రం, ఇక ఏ రైలూ అందని వేళకు చోడవరం చేరింది. ఇది రైలు వేళలు చూసుకుని ఆడిన ఆట అని సత్యారావు గారికి ఒళ్లు మండింది. విశాఖపట్నానికి ఫోను చేసి విచారిస్తే, ఆకాశమార్గాన హైదరాబాదు ఐదు వందల కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం అన్నారు. వెంటనే సంఘం ఖర్చు మీద రెండు టిక్కెట్లు చెప్పించారు.

అధ్యక్షుల వారు అదిరిపడ్డారు. "గుమాస్తాకి విమానమేటయ్యా? పైనుంచి అనుమతి రావాల!"

"అది వచ్చేసరికి విమానం వెళ్లిపోద్దండి. ఉద్యోగం పోతే పోనీండి, నేను వెళ్తన్నాను."

రైతుల ప్రతినిధి ఎర్రమ్మ గారితో కలిసి, చెరకు లారీలో విమానాశ్రయం చేరారు. విమానం పైకి లేవగానే ఎర్రమ్మ గారు తన మోచెయ్యి పట్టుకుని దిగేదాకా వదల్లేదని సత్యారావు గారు అంటారు. పట్టుకున్నది ఆయనేనని ఎర్రమ్మ గారు అంటారు. ఆ తగువు నేటికీ తేలలేదు.

సమావేశంలో వీరిని చూసి నివ్వెరపోయిన అధికారి, ఎలా రాగలిగారని అడిగారు.

"గాల్లోన వచ్చేం బాబూ," అన్నారు ఎర్రమ్మ గారు. "మాకు గంటన్నర పట్టింది. మీ కాయితానికి వారం పట్టిందేటి?"

ఆనాడు మిల్లుల ధర ఖరారు కాలేదు. తర్వాతి సమావేశంలో రైతులకు మెరుగైన ధరే దక్కింది. సత్యారావు గారికి మాత్రం సంజాయిషీ నోటీసు దక్కి, సూపరింటెండెంటు పదవి శాశ్వతంగా నిలిచిపోయింది.

నిరుడు, క్షమాపణ రాసిస్తే ఆ హోదాతోనే సాగనంపుతామని పైనుంచి కబురు వచ్చింది. "ఆలస్యంగా వెళ్లుంటే క్షమాపణ చెప్పేవాణ్ని. వేళకే వెళ్లేను," అని వారు కాగితం తిప్పి పంపేశారు. హెడ్ గుమాస్తాగానే, తల ఎత్తుకునే వెళుతున్నారు. మాకు అది గర్వకారణం.

శ్రీ సత్యారావు గారు సతీసమేతంగా సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష. మొన్న కార్యాలయానికి వచ్చిన ఎర్రమ్మ గారు అదే మాటను వారి తల మీద చెయ్యి పెట్టి, మాకన్నా బాగా చెప్పారు:

"ఆ పై ఊరికి మాత్రం విమానం ఎక్కకు బాబూ. నడిసెల్లు."