తాత తినే మట్టి

తీపి వల్ల కాదంటే ఎలా డాక్టరమ్మా? పిల్ల నోరు తెరిస్తే చాలు, మా కోడలు ఓ చాక్లెట్ కుక్కుతుంది. తీపి తింటే పురుగులు పట్టవూ? పట్టవా? అయ్యో, ఇన్నాళ్లూ వీధి వీధంతా అదే చెప్పుకొచ్చానే!

కొన్నాళ్లుగా మా మనవరాలు ఆడదు, పాడదు. పొట్ట చూస్తే కుండ, కాళ్లు చూస్తే పుల్లలు. నేనే కసిరాను, “ఏమే, మన్ను తిన్న పాములా పడుంటావేం?” అని. ఇప్పుడు మీరేమో కడుపులో ఏలికపాములంటున్నారు! పాములు లోపలుంటే నేను బయట వెతికానన్నమాట. నా తెలివి అలాంటిది.

మట్టి తింటుందా అంటారా? మొక్కల నర్సరీ కదమ్మా మాది, ఇల్లూ వాకిలీ అంతా మట్టే. చెప్పులేసుకోదు. చెయ్యి కడుక్కోమంటే గౌనుకి తుడిచేస్తుంది. నేను పంచెకి తుడుస్తాను లెండి, ఎవర్ని చూసి నేర్చిందో అడక్కండి.

మట్టి ఎక్కడిదా? కాలవగట్టు అవతలిది. ఊరికే వస్తుంది. ఆఁ... అవునమ్మా, జనం పొద్దున్నే చెంబు పట్టుకెళ్లేదీ అటే. మట్టికి ఇంత సారం ఎక్కడిదయ్యా అంటే, నా చేతి చలవ అనేవాణ్ని! నవ్వకండి. సరే, నవ్వండి.

ఏమన్నారూ? మట్టి మానకపోతే మాత్ర వేసినా మళ్లీ పడతాయా? పిల్ల ఎదుగూ బొదుగూ లేకుండా ఇలాగే ఉండిపోతుందా? అమ్మో, అంత మాటనకండి!

మాన్పిద్దామనే చూశాం. కోడలు చెయ్యి కూడా చేసుకుంది. అదేమందో తెలుసా? “తాత రోజూ తింటాడుగా! తాతకేం కాలేదుగా!”

అలా చూడకండమ్మా. బేరం కుదరకపోతే కుండీలోంచి కాస్త తీసి నాలిక్కి రాసుకుంటాను. “పిండిలాంటి మట్టి, తిన్నా ఏం కాదు!” అంటాను. కొనేస్తారు. అది పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంది.

ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి, బయటే ఉంది.

నేనేనాడూ తినలేదమ్మా. మట్టిలో పెట్టేది చూపుడువేలు, నోట్లో పెట్టేది మధ్యవేలు. ఇంట్లో ఎవరికీ తెలీదు. కొన్నవాళ్లంతా నమ్మారు, ఒక్కరూ తినలేదు. నమ్మి తిన్నది లోకంలో అదొక్కతే.

పిలుస్తాను, దాని ముందే రెండు వేళ్లూ చూపిస్తాను. దొంగ తాతా అంటుందేమో, అననివ్వండి. మాత్ర మాత్రం మీ చేత్తో మీరే వెయ్యండి. నా చేతిని ఇక నమ్మదు.