పాస్‌పోర్టుకు తొడిగిన ప్లాస్టిక్

ఈ వాంగ్మూలం పైన నా పేరు రాసుకున్నారు. వయసు పదహారు. పదకొండో తరగతి చదువుతున్నాను. మాది జిరాక్సు, లామినేషన్, బైండింగు షాపు. దాని వెనక గదుల్లోనే కాపురం. బడి నుంచి వచ్చాక కౌంటర్లో నేను కూర్చుంటాను.

ఒక ఏడాది విదేశంలో ఒక కుటుంబంతో ఉండి, అక్కడి బడిలో చదివేందుకు విద్యార్థులను పంపే ఒక సంస్థ నన్ను ఎంపిక చేసింది. ఫీజు, టికెట్టు, తిండి అన్నీ ఆ సంస్థే భరిస్తుంది. ఎంపిక కోసం వాళ్లు అడిగిన వ్యాసం నేనే రాశాను.

పోయిన సోమవారం పాస్‌పోర్టు వచ్చింది. ఆ రోజు వాన. పోస్టుమ్యాన్ చేతిలోనే కవరు ఒక మూల తడిసింది. నాన్న దాన్ని ఫ్యాను కింద పెట్టి, "ఒక్క చినుకు లోపలికి దిగితే నీ ఏడాది నీళ్లపాలే అమ్మా" అన్నాడు.

మంగళవారం నేను బడిలో ఉండగా నాన్న పాస్‌పోర్టు కుట్టు విప్పి, ఫొటో ఉన్న పేజీ బయటికి తీసి, లామినేషన్ చేశాడు. మూలలు గుండ్రంగా కోశాడు. మళ్లీ ఆ రంధ్రాల్లోంచే కుట్టాడు. నేను రాగానే, "చూడు, విప్పినట్టు తెలుస్తోందా?" అని మురిసిపోయాడు. తెలియలేదు. బాగుందన్నాను. అది తప్పని నాకూ తెలియదు. అమ్మ మాత్రం, "ఎవర్నైనా అడిగి చేయాల్సింది కదండీ" అంది.

"ఊరందరి పుస్తకాలూ కుట్టేది నేను. నేను వెళ్లి ఎవర్నడగాలే!"

ఈ రోజు గురువారం. ఉదయం పదిన్నరకు వీసా కౌంటర్లో మేడమ్ ఆ పేజీని వంచి చూశారు. వంగలేదు. లోపలికి తీసుకెళ్లారు. మమ్మల్ని కూర్చోమన్నారు. "ఫొటో బాగా రాలేదేమోనమ్మా" అన్నాడు నాన్న. తర్వాత పోలీసులు వచ్చి, ఫొటో పేజీ మార్చారన్న అనుమానంతో మమ్మల్ని ఈ స్టేషనుకు తీసుకొచ్చారు.

అధికారి నన్ను అడిగిన ప్రశ్న: "ఇంత పనితనం ఉన్నవాడు తెలియక చేశాడంటే నమ్మమంటావా?"

మా నాన్న ఏ పనైనా ఇలాగే చేస్తాడు. చిన్నపిల్లల ఎక్కాల చార్టుకు కూడా మూలలు గుండ్రంగా కోస్తాడు, వేలికి గుచ్చుకోకూడదని. పాస్‌పోర్టులో ఫొటో నాది. పేరు నాది. ఫొటో మార్చేవాడు దాని మీద మెరిసే ప్లాస్టిక్ వేసి షాపుకు వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడా సార్ అని అడిగాను.

మొదట "పేజీని దిద్దాడు" అని సార్ ఇందులో రాశారు. నాన్న ఒక్క అక్షరం దిద్దలేదు. "ప్లాస్టిక్ తొడిగాడు" అని మార్చమని బతిమాలాను. మార్చారు.

సంస్థవాళ్లు ఫోన్లో చెప్పిన మాట: ఇందులో మోసం లేదని రేపు సాయంత్రంలోపు పోలీసులు రాసిస్తే కొత్త పాస్‌పోర్టు దాకా ఆగుతారు. లేకపోతే నా చోటు తర్వాతి అమ్మాయికి వెళ్తుంది.

నాకు ముందు నాన్న ఇంటికి రావాలి. తర్వాత ఆ చోటు కావాలి. ఈ వరస మార్చవద్దని కోరుతున్నాను.

నేను చెప్పినదంతా సార్ నాకు చదివి వినిపించారు. ఇది నేను చూసింది, నాకు తెలిసింది, నిజం. ఎవరూ నేర్పించలేదు. సంతకం పెట్టబోతే చెయ్యి చెమటకు కాగితం అంటుకుంది. గుమ్మం అవతల బెంచీ మీద నుంచి నాన్న, "మెల్లగా అమ్మా, కాగితం తడుస్తుంది" అన్నాడు.

ఆ మాట కూడా రాయమన్నాను. రాశాక సంతకం చేశాను.

(సంతకం)