పందిరికి కట్టిన ఎర్రగుడ్డ

దర్శిలో ఒక అద్దె ఇల్లు. ఆదివారం పొద్దున ఏడున్నర. పెరటి గుమ్మంలో అఖిల, చైతన్య. పెళ్లయి నాలుగు నెలలు.

"నవ్వాగట్లేదండీ. ముందు మీరు ఆ కాఫీ గ్లాసు కింద పెట్టండి, లేకపోతే ఒలకబోస్తారు."

"ఏం చేశావ్ అఖిలా?"

"పగ తీర్చుకున్నా."

"ఎవరి మీద?"

"ఇంకెవరి మీద? గోడవతల మీ కోటిరత్నం అత్త మీద."

"ఇంత పొద్దున్నేనా?"

"ఆరింటికే అయిపోయింది. అప్పుడు మీరు గురక పెడుతున్నారు. లేపి చెబుదామనుకున్నా. లేపితే వద్దంటారని లేపలా."

"అఖిలా, ఆవిడ మా నాన్నకి పెదనాన్న కూతురు. మా ఊరావిడ. ఇక్కడ నువ్వు తుమ్మితే అక్కడ మా అమ్మకి తెలుస్తుంది."

"తెలియనీ. నా పెరడు సంగతి ఆవిడ చెప్పబట్టేగా అత్తయ్యకి తెలిసింది! ఇటు తిరగండి. ఒక్కసారి చూడండి. నాలుగు రోజుల్నించీ మీరు ఈ వైపు తలే తిప్పట్లేదు."

"చూశాలే."

"ఏం చూశారు? ఆ వంగ చూడండి. ఆకులు సన్నగా ఎలక తోకల్లా మెలితిరిగాయి. టమాటా తల వాల్చేసింది. బీరతీగ తాడు పేనినట్టుంది. జూన్‌లో విత్తనాలు పెట్టిన నాటి నుంచీ నేను వీటితో ఎన్ని కబుర్లు చెప్పానో మీకేం తెలుసు? మొదటి రెండాకులు వచ్చిన రోజు మిమ్మల్ని ఆఫీసు నుంచి పిలిపించా, గుర్తుందా?"

"నీకు ఒంట్లో బాలేదేమోనని పరిగెత్తుకొచ్చా."

"వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చూశారుగా, అది చాలు నాకు. మొదటి బెండకాయ ఒక్కటే కాసింది. ఒక్క కాయతో వేపుడు చేశా. ఏడు ముక్కలు. మీకు నాలుగు, నాకు మూడు."

"నాకే మూడు."

"మీ నాలుగో ముక్క మీరే నాకు తినిపించారు. అది నా లెక్కలోకి రాదు."

"సరే సరే."

"తోటకూరని గొంగళి పురుగులు తినేశాయి. ఏడ్చానా? దోసపాదుని కోతి పీకేసింది. కోతితో కూడా నవ్వుతూనే మాట్లాడా. మళ్లీ పెట్టా, మళ్లీ మొలిచింది. గోంగూర చూసి పాలవాడు కూడా కట్ట అడిగాడు. అలాంటిది అన్నీ ఒక్కసారే, ఒక్క వారంలో పోయాయి! ఆ కోటిరత్నం గోడ మీంచి తొంగి చూసి ఏమందీ? 'కొత్త చెయ్యి కదమ్మాయ్, మొక్కలకి పడినట్టు లేదు' అంది."

"ఊరికే అనుంటుందిలే."

"ఊరికే అన్నావిడ మీ అమ్మకి ఫోన్ చేసి ఎందుకు చెప్పింది? ఎల్లుండి ఊళ్లో మామయ్య చేలో మిరప నాటు. మొదటి మొక్క కొత్త కోడలి చేత పెట్టిస్తామని మన పెళ్లి పందిట్లోనే అన్నారా లేదా?"

"అన్నారు."

"దానికోసం మా అమ్మ ఆకుపచ్చ చీర కొని పంపిందా లేదా? పంచాయతీ చేసి మరీ రంగు ఎంచుకున్నాం. ఇప్పుడు అత్తయ్య, 'ఈ ఏడాదికి కోటిరత్నం చేత నాటిద్దాంలేమ్మా, ఆవిడ చెయ్యి మంచిది, పెట్టిందల్లా పండుద్ది' అంటున్నారు. ఊళ్లో వాళ్లంతా చూస్తుంటే నేను గట్టు మీద నిలబడి ఆవిడ చేతికి మొక్క అందించాలి. అంతేగా?"

"అమ్మతో నేను మాట్లాడతా."

"బుధవారం నుంచీ మాట్లాడతా మాట్లాడతా అంటున్నారు. అటు మాట్లాడరు, ఇటు మాట్లాడరు. అసలు మీరు ఎవరి వైపు?"

"నీ వైపే. కానీ ఆవిడే చేసిందని ఎలా చెప్పగలవు?"

"కళ్లారా చూశాను గనక. నేను వేపనూనె కొట్టిన మర్నాడు పొద్దున గోడ మీంచి చెంబుతో ఏదో పోసింది. నేను కనపడగానే 'బియ్యం కడుగమ్మాయ్, వంగకి బలం' అంది. బలమట!"

"బియ్యం కడుగేనేమో."

"బియ్యం కడుగుకి బీరతీగ మెలితిరుగుద్దా?"

"వైరస్ అయ్యుంటుంది. ఈ ఏడు ఎండలు కూడా..."

"ఎండ గోడకి ఇటువైపే కాస్తదా? అటు చూడండి ఆవిడ చిక్కుడు పందిరి, కోసినకొద్దీ కాయలే. పొట్లకాయలకి తిన్నగా సాగాలని రాళ్లు కట్టింది. ఆ రాళ్లు గాలికి ఊగుతుంటే నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంటుంది. వారం నుంచీ నిద్ర పట్టక ఆలోచిస్తూనే ఉన్నా. ఏం చెయ్యాలి, ఏం చెయ్యాలి. కత్తెరతో తీగ మొదట్లో కట్ చేద్దామా అనుకున్నా. దొరికిపోతా. మేకని తోలదామా అనుకున్నా. మేక లేదు."

"అఖిలా!"

"ఏం అక్కర్లేకపోయింది. ఆవిడే నడిచొచ్చింది. ఆరింటికి ఆ గోడ దగ్గర నిలబడి, 'అమ్మాయ్, పురుగు పట్టింది, నీ స్ప్రేయర్ ఒకసారి ఇస్తావా? వేపనూనె కూడా నువ్వే కలిపి ఇవ్వు, నీ చేత్తోనే' అంది. నీ చేత్తోనే అట! ఎంత వెటకారమో చూశారా?"

"స్ప్రేయరా?"

"ముందు వినండి, అసలు సంగతి ఇక్కడే ఉంది..."

"స్ప్రేయర్ ఇచ్చావా?"

"ఇచ్చా. కానీ అందులో వేపనూనె చుక్క కూడా వెయ్యలా! ట్యాంకు నిండా మన బోరు నీళ్లే. నురగ కోసం షాంపూ ప్యాకెట్ చింపి పోశా. రంగు కోసం చిటికెడు పసుపు. వాసన కోసం వేపనూనె సీసా తుడిచిన గుడ్డ ముంచి తీశా. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని 'అబ్బ, ఎంత బాగా కలిపావమ్మాయ్' అని మురిసిపోయింది. కొట్టుకోనీ, బాగా కొట్టుకోనీ. పురుగులకి తలంటు పోసినట్టుంటుంది. వారం తిరిగేసరికి పందిరి జల్లెడ. అప్పుడు గోడ మీంచి తొంగి చూసి నేనంటా, 'పాత చెయ్యి కదా పిన్నిగారూ, మొక్కలకి పడినట్టు లేదు' అని. ఎలా ఉంది?"

"ఏ స్ప్రేయర్?"

"ఏ స్ప్రేయరేంటి? మనకున్నది ఒక్కటేగా. మీరు ఊరి నుంచి తెచ్చింది. ఏంటలా అయిపోయారు? అదిగో, కాఫీ ఒలికింది. చెప్పానా!"

"ఆ ట్యాంకు పిడికి ఎర్రగుడ్డ కట్టి ఉండాలి. ఏది అది?"

"అదా? బీర పందిరికి కట్టా, అదిగో చూడండి. దిష్టి తగలకుండా మామయ్య కట్టారేమో అనుకున్నా. ట్యాంకుకెందుకు దిష్టి, పందిరికైతే ముచ్చటగా ఉంటుందని విప్పేశా."

"అది దిష్టికి కాదు."

"మరి?"

"కూర్చో."

"కూర్చునే ఉన్నా. మీరే లేచి నిలబడ్డారు."

"నాన్న పాకలో రెండు ట్యాంకులు పెట్టుకుంటాడు. ఒకటి పురుగుమందుకి, ఒకటి గడ్డిమందుకి. గడ్డిని చంపే మందు కదా, ఒకదాంట్లో ఒకటి కలవకూడదని గడ్డిమందు ట్యాంకుకి ఎర్రగుడ్డ కడతాడు. ఎంత కడిగినా దాంట్లో కాస్త ఉండిపోద్ది. ఆ కాస్త చాలు. మిరప, వంగ, టమాటా, ఏది తగిలినా ఆకు మెలితిరిగి పోద్ది. అది మా ఊళ్లో బడికెళ్లే పిల్లలకి కూడా తెలుసు."

"మీకు తెలీదా?"

"నేను ఆరో క్లాసు నుంచీ హాస్టల్లోనేగా. పాకలో ముందు కనపడింది తెచ్చేశా."

"అంటే... నేను వేపనూనె అనుకుంటూ... నా చేత్తో నేనే..."

"నీ తప్పేం లేదు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఇప్పుడే. నువ్వు చెబుతుంటే..."

"ఏవండీ."

"బుధవారం. నాన్న ఫోన్ చేశాడు. గట్ల మీద గడ్డికి కొట్టాలి, ఎర్రగుడ్డ ట్యాంకు కనపడట్లేదు, నువ్వేమన్నా తీసుకెళ్లావారా అని."

"మీరేమన్నారు?"

"లేదన్నా."

"బుధ, గురు, శుక్ర, శని. నాలుగు రోజులు నేను ఆవిడని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతుంటే మీరు అన్నం కలుపుకుంటూ ఊఁ కొట్టారు!"

"ఆ తిట్లన్నీ నాకు పడతాయని..."

"పడతాయి. మీ వంతు ఉంది. తీరిగ్గా ఉంది. అది తర్వాత చూసుకుంటా."

"తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్. ముందు అత్తకి ఫోన్ చెయ్. ఇంకా కొట్టి ఉండదు. కొట్టినా వెంటనే మంచినీళ్లతో ఆకులు కడిగేస్తే కొంతైనా బతుకుద్ది."

"ఆగండి."

"ఆగేదేంటి?"

"నన్ను ఆలోచించుకోనీ."

"ఇందులో ఆలోచించేదేముంది? ఆవిడ ఏమీ చెయ్యలేదు అఖిలా. ఆవిడ పోసింది బియ్యం కడుగే."

"మొక్కలకి చెయ్యలేదు. నాకు చేసింది. నా చెయ్యి మంచిది కాదన్నది ఆవిడేగా? మీ అమ్మకి చెప్పింది ఆవిడేగా? ఆ మాటని కూడా మంచినీళ్లతో కడిగేస్తారా?"

"అది వేరు, ఇది వేరు."

"రెండూ ఒకటే. గడ్డిమందు పడ్డ ఆకు ఎన్నాళ్లకి వాలుద్ది?"

"ఎందుకు?"

"చెప్పండి."

"చిక్కుడుకైతే... రేపటికల్లా తెలిసిపోద్ది."

"నాటు ఎల్లుండి. రేపటికల్లా ఆవిడ పందిరీ మాడిపోద్ది. అప్పుడు ఆవిడ చెయ్యేమవుద్ది? పెట్టిందల్లా పండే చెయ్యి! అత్తయ్య అప్పుడు ఎవర్ని పిలుస్తారు?"

"నీకు ఇంత కసి ఉందని నాకు తెలీదు."

"నాకూ తెలీదు. ఆకుపచ్చ చీర మడత విప్పకుండా బీరువాలో పెట్టినప్పుడు తెలిసింది... అయ్యో, ఫోన్ మోగుతోంది."

"ఎవరు?"

"ఆవిడే."

"ఎత్తు!"

"ఎత్తను."

"ఇటివ్వు, నేను మాట్లాడతా."

"ఇవ్వను. రండి, లాక్కోండి చూద్దాం."

"ఆటలాడే టైమా ఇది? నా ఫోనేది?"

"మీరే రాత్రి ఛార్జింగ్ పెట్టలేదు, చచ్చిపోయి ఉంది. అదిగో, ఆగిపోయింది."

"నేను గోడ దగ్గర్నించి పిలుస్తా. అత్తా! కోటిరత్నం అత్తా! బుల్లయ్య మామా! ఎవరూ పలకట్లేదేంటి?"

"పందిరి వెనకుంటారు. ఆవిడ పంపు కొడుతుంటే ఆయన తీగ ఎత్తి పట్టుకుంటుంటాడు. నాకు కళ్లకి కట్టినట్టుంది."

"మళ్లీ మోగుతోంది. అఖిలా, ఎత్తవే, నీకు దండం పెడతా."

"ఎత్తుతా. నిజం చెబుతా. ట్యాంకు మా ఆయన తెచ్చారు పిన్నిగారూ, గడ్డిమందు ట్యాంకని తెలిసి కూడా నాలుగు రోజులు నోరు మెదపలేదు, మామయ్యకి కూడా అబద్ధం చెప్పారు అంటా. సరేనా? ఎత్తనా?"

"అంతా చెప్పాలా?"

"చెప్పండి. ఎత్తనా?"

"నాన్నకి తెలిస్తే..."

"తెలుస్తుందిగా. ఎత్తమంటారా వద్దా?"

"కాఫీ ఇంకేమన్నా ఉందా?"

"ఉంది. వేడి చేసిస్తా. చూశారా, దానంతట అదే ఆగిపోయింది. మీరేమీ పాపం చెయ్యలా, నేనేమీ చెయ్యలా. నేను ఇచ్చింది ఒట్టి నీళ్లు. ట్యాంకు అడిగింది ఆవిడ. ఎల్లుండి నేను ఆకుపచ్చ చీర కట్టుకుని వంగి మొదటి మొక్క పెడుతుంటే మీరు ఫొటో తీస్తారు. పాదాలకి బురద కనపడేలా తియ్యాలి. సరేనా?"

"సరే."

"నవ్వుతూ చెప్పండి."

"సరేలేవే."

"అబ్బ, మీరు కాఫీ తాగిన అరగంటకి మళ్లీ, మూడోసారి! ఈసారి ఎత్తుతా. మందు కొట్టేసి థాంక్స్ చెప్పడానికే చేస్తుంటుంది. వినాలనుంది నాకు. స్పీకర్‌లో పెడుతున్నా, మీరు నోరు విప్పారంటే ఊరుకోను. హలో, పిన్నిగారూ!"

"ఏంటమ్మాయ్, మూడుసార్లు చేస్తే గానీ ఎత్తవా?"

"స్నానం చేస్తున్నా పిన్నిగారూ. మందు కొట్టేశారా?"

"కొట్టడం అయిపోయింది. ముందు నిన్నో మాట అడుగుదామనే చేశా. మీ బుల్లయ్య బాబాయ్ ట్యాంకు మూత తీసి, వేపనూనెతో పాటు ఇంకేదో ఘాటు వస్తంది, ఆ పిల్లనడిగి కొట్టవే అన్నాడు. నువ్వు ఎత్తలా. ఎర్రగుడ్డ కూడా లేదుగా, గడ్డిమందు ట్యాంకేం కాదులే, అమ్మాయి చదువుకున్న పిల్ల, చూసుకోకుండా ఇస్తదా అని నేనే కొట్టించేశా."

"మంచి పని చేశారు. పందిరంతటికీ సరిపోయిందా పిన్నిగారూ?"

"ఏ పందిరి?"

"మీ చిక్కుడు పందిరి."

"దానికేం రోగం, నిక్షేపంలా ఉంటే! నేనసలు ఇంటి దగ్గర లేనమ్మాయ్. ఊళ్లో ఉన్నా, మీ అత్తగారింటి దగ్గర. పొద్దున్నే ట్యాంకు బండి మీద పెట్టుకుని మీ బాబాయ్, నేనూ వచ్చేశాం."

"ఊళ్లోనా?"

"ఆఁ. ఆ రోజు నీ చెయ్యి గురించి నోరు జారానని మనసులో ఒకటే పీకుడు. నేనన్న మాట నేనే సరిచెయ్యాలిగా. అందుకే నీ చేత్తోనే కలిపి ఇమ్మన్నా. ఇక్కడ అందర్లో మా వదినతో గట్టిగా చెప్పా, ఇది కోడలు పిల్ల తన చేత్తో కలిపిన మందు, దాని చెయ్యి చల్లని చెయ్యి, మొదటి మొక్క అదే నాటాలి అని. ఒప్పుకుంది. పక్కనే ఉంది, నవ్వుతోంది. ఎల్లుండి ఆ ఆకుపచ్చ చీర కట్టుకుని రా తల్లీ."

"పిన్నిగారూ... పురుగు... దేనికి పట్టింది? మందు దేనికి కొట్టారు?"

"ఇంక దేనికమ్మాయ్, మీ మామ పెంచిన మిరపనారుకే. నాలుగెకరాలకీ అదేగా నారు. పన్నెండు మళ్లూ తడిసి ముద్దయ్యేలా కొట్టించా, నీ చేతి మందు తగలని మొక్క ఒక్కటి కూడా లేదు!"