బావ క్షమించిన సాయంత్రం

డెబ్బై ఎనిమిది, అక్టోబరు పది, మంగళవారం సాయంత్రం అయిదు గంటలు. ఎట్లా గుర్తుందంటావా విద్యా? తెల్లారితే దసరా గదా. రేపు యోమ్ కిప్పుర్, యూదుల పండగ, కాలేజీ లేదన్నావు చూడు, ఆ పేరు వినగానే మీ తాతయ్య కళ్ళ ముందుకొచ్చాడు. నీకు తాతయ్య, నాకు బావ. అప్పట్లో అమెరికాలో ఈ ట్రాయ్ ఊళ్ళో కొండల్ రావు గారంటే మనవాళ్ళందరికీ పెద్దదిక్కు. ఎవరింట్లో తగువొచ్చినా ఆయనే తీర్చాలి. నేనూ మా తమ్ముడూ అప్పుడు ఆయనింట్లోనే ఉండేవాళ్ళం. ఊఁ, ఏం చెబుతున్నాను... ఆయన సోఫాలో పేపర్ చూస్తున్నాడు, బెల్ మోగింది. పక్కింటి మిసెస్ లెవిన్. డెబ్బై దాటిన ముసలావిడ, తెల్ల గౌను, కాళ్ళకి గుడ్డ బూట్లు. మా తమ్ముడు గోపాల్ నోరు ఊరుకోదు గదా, "ఏందక్కా, మామ్మ టెన్నిస్‌కి పోతున్నదా?" అని నా చెవిలో గొణిగాడు. కాదమ్మా, వాళ్ళు యూదులు, యోమ్ కిప్పుర్‌కి తోలు బూట్లు తొడగరట. పొద్దు గుంకింది మొదలు మర్నాడు చీకటిపడేదాకా ఉపవాసమట. ఉపవాసమనగానే మా అక్క, అదే మీ అమ్మమ్మ, అరటిపళ్ళూ పాలూ తెచ్చిపెట్టబోయింది. "మంచినీళ్ళు కూడా లేవమ్మా" అందావిడ. "దేవుడికి చేసిన తప్పు దేవుడు క్షమిస్తాడు. మనిషికి చేసింది మాత్రం ఆ మనిషినే అడుక్కోవాలి. అందుకే పండగ మొదలవకముందే వచ్చాను" అని గోపాల్ వైపు తిరిగింది. "రోడ్డు వార నా మెయిల్‌బాక్స్ విరిగింది చూడు, నువ్వు డ్రైవింగ్ నేర్చుకుంటున్నావు గదా, నువ్వే గుద్దావనుకున్నాను. వీధిలో ఇద్దరితో అన్నాను కూడా. కళ్ళతో చూడకుండా అన్నాను బాబూ, నన్ను క్షమించు."

వాడు బిత్తరపోయాడు. బావే లేచి, "నో ప్రాబ్లమ్, నో ప్రాబ్లమ్, ఫర్గెట్ ఇట్!" అంటూ, ఎంతో పెద్దమనసున్నవాడిలా, ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపి వచ్చాడు.

ఆ మెయిల్‌బాక్స్‌ని గుద్దింది బావేనమ్మా. వానలో కార్ రివర్స్ చేస్తూ గుద్దాడు. పక్క సీట్లో అక్క ఉంది. "దిగి చెబుదామండీ" అంటే, "పోలీసులంటారు, ఇన్సూరెన్స్ అంటారు, నీకేం తెలుసు, ఊరుకో" అన్నాడట. అక్క ఎన్నాళ్ళకో చెప్పింది నాకు. దారిలో ఎవరి భుజం తగిలినా సారీ, సారీ అనే మనిషి, ఆవిడ చెయ్యి తన చేతిలో ఉండగా కూడా ఆ మాట రాలేదు చూడు. తలుపేసి వచ్చి, అరచెయ్యి పంచెకి తుడుచుకున్నాడు. అక్క మొహం వైపు చూడలేదు. అన్నం దగ్గరికీ రాలేదు.

మర్నాడు దసరా. జమ్మి ఎక్కడ దొరుకుతుంది ఇక్కడ? పెరట్లో చిన్నాకుల చెట్టు ఉంటే ఆ ఆకులే కోసి పళ్ళెంలో పెట్టింది అక్క. అందరికంటే ముందు గోపాలే తలస్నానం చేసి వచ్చి, బావ చేతిలో ఆకు పెట్టి కాళ్ళ మీదికి వంగాడు. బావ రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కున్నాడు. "వద్దురా" అన్నాడు. "ఏం బావా, అమెరికా వచ్చి దీవెనలు కూడా బంద్ పెట్టినావా?" అని వాడు నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. బావ కాళ్ళు కిందికి దించలేదు. అక్క ఆ పళ్ళెం తీసి దేవుడి దగ్గర పెట్టేసింది. ఆ ఏడు మా ఇంట్లో ఇంకెవరం ఎవరికీ ఆకు ఇచ్చుకోలేదు.

ఆ తర్వాతైనా మిసెస్ లెవిన్‌కి చెప్పాడా అంటావా...

టీ తాగమ్మా, చల్లారిపోతోంది.