రెండు పొలాలు, ఒక్క ఖానా

ఏంది మధుకరన్నా, ఇంక స్క్రీన్ దిక్కే చూస్తున్నవ్? చూస్తే బాగైతదా? చంద్రపూర్ల పదేండ్ల సంది కోడ్ రాస్తున్ననని మీసం మెలేస్తవ్ కదా. ఇప్పుడు మెలెయ్యి, చూస్త.

పత్తి అమ్మెటందుకు రైతు ఫోన్ల నింపిన ఫారం మనకు జేసన్ల వస్తది. ఒకదిక్కు ఖానా పేరు, అంటే నింపే గడి పేరు, ఇంకోదిక్కు దాని జవాబు, గంతే. దాన్ని ఆబ్జెక్ట్ చేసే కోడ్ దునియంత తయారుగ ఉంది. నీకు ఆనదాయె! "ఏ ఖానా వచ్చినా పట్టుకునే డైనమిక్ ఆబ్జెక్ట్ నేనే చేస్త ప్రణాలీ, నువ్వు చాయ్ తెప్పియ్" అంటివి. అబ్బో! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇప్పుడేమో ఫారం నింపినోనిదే తప్పంటున్నవ్.

వానిదేం తప్పు? మా లక్కడ్‌కోట్ దిక్కు రైతుకు ఒక్క పొలమే ఉంటదా? హద్దుకు ఇవతల మహారాష్ట్రల ఒకటి, అవతల తెలంగాణల ఒకటి. మరాఠీల పొలమంటే శేత్ కదా, అందుకే 'శేత్' అని రెండు ఖానాలు పెట్టి రాస్తరు. నీ కోడ్ ఏంజేసింది? రెండోది రాంగనే మొదటిదాన్ని మింగింది. కిక్కురుమనలే. అచ్చం నీ లెక్కనే, అడిగేటోళ్లు లేరని.

పొద్దుగాల రాజురాల పత్తి కొనేకాడ ఏమైందో ఎరుకేనా? సమ్మన్న అనే రైతు బండిని గేటు కాడనే ఆపిన్రు. "మహారాష్ట్రల నీకు పొలమే లేదు, వాపస్ పో" అన్నరు. పోయిన యాడాది గూడ గా పొలం పత్తే అమ్మిండు పాపం. ఏం సమజ్ గాక ఆడనే నిలవడ్డడు. గంటకు వాన కొట్టింది. పత్తంత తడిసి ముద్దయింది. ఇగ దాన్ని ఎవడు కొంటడు?

ఏందీ? "టెస్ట్ చేసింది నువ్వే గదా" అంటున్నవా?

చేసిన. నెల కిందనే చేసిన. రెండు శేత్లు పెట్టి చూసిన, ఒకటి మాయమైంది. చెప్పలే. ఎందుకు చెప్పాలె? చాయ్ తెప్పియ్యమన్నవ్ కదా! నలుగుట్ల నీ ఇజ్జత్ పోతుంటే చూడాలనుకున్న. లోపల్లోపల నవ్వుకున్న గూడ.

గట్ల చూడకు మధుకరన్నా. సమ్మన్న మా బాపు.

ఇందాక ఫోన్ చేసిండు. "నువ్వు పనిచేసే ఆఫీసే గద బిడ్డా, నా పొలం యాడవోయిందో జెర చూడు" అన్నడు.

"చూస్త బాపూ" అన్న నేను. నెల కిందనే చూసిన అని చెప్పనీకి నోరు రాలే.