వరహాలు దాచిన రాతిదిబ్బ

కాదు హేమశ్రీ మేడమ్మా, తప్పు మీది కాదు, మీ మ్యాపుదీ కాదు. మా మగోళ్ళది! సేపల ఆఫీసరమ్మ అయ్యుండి, ఆరోజు మీటింగులో మైకు పట్టుకుని అంత మర్యాదగా అడిగినారు గదా, 'అయ్యా, మీరు వేటాడే సోట్లేవో సూపెట్టండి, అవి తప్పించి ఆయిలు బావి ఎయ్యమని రాత్తాను' అని. ఒక్కడంటే ఒక్కడు నిజం సెప్పినాడేటి?

నానెవరా? అసిరమ్మని. మల్కాపురం బజార్లో సేపలమ్ముతాను. అదిగో, కిటికీలోంచి సూడండి, బండి మీద అడ్డంగా కూసొని బీడీ కాలుత్తన్నాడే, ఆయనే మా ఇంటాయన వరహాలు. పిలవకండి, పిలవకండి! పడవకిచ్చే రాయితీ డీజిల్ కార్డు పని అని సెప్పి తీసుకొచ్చినాను. అసలు సంగతి తెలిత్తే నన్ను ఇక్కడే వొగ్గీసి ఎల్లిపోతాడు.

అసలు సంగతా? సెప్తాను, తొందరేటి? ముందా తలుపు కొంచెం దగ్గరకెయ్యండి.

మీరు మ్యాపు గోడకంటించి ఎర్ర పెన్ను సేతికిచ్చినారు. మొదట మా అన్న గవర్రాజు లేచినాడు. ఆడి సోటు ఆడికుంది, దాన్ని పదిమంది ముందు సెప్తాడేటి? పెద్దమనిషిలా ఎల్లి ఓ సోట ఏలెట్టీసి, 'మా తాతల కాడ్నుంచి ఇక్కడేనండి' అన్నాడు. అక్కడేటుందో తెలుసా? బురద! వలేత్తే బురదే వత్తాది. మా ఇంటాయనకి ప్రాణం లేచొచ్చింది. 'అవునవును, బావ సెప్పింది నిజం, నాదీ అక్కడే' అన్నాడు. ఇంకేటుంది? హాలు హాలంతా ఎల్లి ఆ బురద మీదే పడ్డారు.

మీరేమో, 'మీ ఐకమత్యం సూత్తే ముచ్చటేత్తంది' అన్నారు! ఎనకాల కూసున్న ఆడోళ్ళం నోట్లో కొంగు కుక్కుకున్నాం, నవ్వాగక.

మరి మీరేటి సేత్తారు పాపం? బురద సుట్టూ ఎర్ర గీత గీసి భద్రంగా కాపాడినారు. సముద్రాన్ని గళ్ళు గళ్ళుగా కోసి, కొబ్బరితోట లీజుకిచ్చినట్టు ఆయిలు కంపెనీలకి ఢిల్లీలో ఇచ్చీసినారంట గదా. మా గడిలో బావి ఎక్కడొత్తాదో సుక్క పెట్టి, ఆ కాయితం హార్బర్ గోడకంటించినారు. మా ఇంటాయన నిన్న అది సూసొచ్చినాడు. అన్నం ముందు కూసొని ముద్ద కలపతన్నాడు, కలపతానే ఉన్నాడు. 'ఏటి మావా?' అన్నాను. ఆఖరికి, 'ఆళ్ళు నా గుండెకాయ మీద ఎట్టీసినారే' అన్నాడు.

అదమ్మా సంగతి! సుక్క పడ్డది సరిగ్గా మా ఇంటాయన దాసుకున్న రాతిదిబ్బ మీద. నీళ్ళడుగున ఉంటాది, పైకి కనపడదు. కోనాం సేపలన్నీ అక్కడే. మా ఇల్లు, పిల్లగుంటల సదువు, నా గంప, అన్నీ ఆ దిబ్బ మీదే నిలబడ్డాయి. బావి లేచిందంటే సుట్టూ అర కిలోమీటరు ఏ పడవా రాకూడదంట గదా, సట్టం? ఇంక మా ఆయన దూరంనుంచి దణ్ణం పెట్టుకోవాలేటి?

మాకంటే ఆ సముద్రపు తాబేలు నయం మేడమ్మా. గుడ్డెట్టే సోట కంచేత్తారు, కాపలా పెడతారు, దానికీ సట్టం ఉంది. ఎందుకుండదు? అది అడ్రసు దాయదు గదా! ఒడ్డుకొచ్చి ఇసక తవ్వుకుని, ఇదీ నా సోటు అని సూపెట్టీసి పోతాది. మా ఆయనకి ఆపాటి తెలివి నేదు.

ఆయన్నే వచ్చి సెప్పమంటారా? సచ్చినా సెప్పడు. ఇద్దరు గుంటలు పుట్టినా నాకే సెప్పలేదు! జీపీఎస్ ఉంది, అందులోనూ పెట్టడు, పక్కోడు సూత్తాడని. ఒడ్డు మీద గురుతులు సూసుకుంటూ పోతాడు. అంతా బుర్రలోనే.

మరి నాకెలగ తెలిసిందంటే— ఆఁ, అదేనమ్మా, డీజిల్ కార్డే! ఫోటో మార్చాలండి, పాత ఫోటోలో మా ఆయనకి మీసం నేదు! మావా, నువ్వు బయటే ఉండు, మేడంగారు రాత్తన్నారు!... ఎల్లినాడా? అమ్మయ్య.

ఎలగ తెలిసిందంటే, ఓసారి మా పేటలో నీళ్ళ ట్యాంకుకి రంగేసినారు. తెల్లటిదాన్ని నీలం సేసినారు. అందరూ బాగుందన్నారు. మా ఇంటాయన ఒక్కడే ఎల్లి ఆ రంగులోడితో దెబ్బలాట! 'ఆకాశం నీలం, ట్యాంకూ నీలం, ఇంకేటి కనిపిత్తాదిరా?' అని. ఓహో, ఇదొక గురుతా అనుకున్నాను. ఇంకోసారి కొండ మీద సెల్‌టవర్ తీసేత్తారంటే, ఫోను నొక్కడం రాని మనిషి, టవర్ ఉండాలని ధర్నాలో కూసున్నాడు! మిగతాది నిద్దట్లో ఆయనే సెప్పీసినాడు, 'గొట్టాలు రెండూ ఒకటయ్యేదాకా పోనీ, పోనీ' అని.

రాసుకున్నారా? ట్యాంకు మీద టవర్ నిలబడ్డట్టు కనిపించే దారి పట్టుకోవాలి. ఫ్యాక్టరీ పొగగొట్టాలు రెండూ ఒకటైపోయి కనిపించినాక ఆగాలి. మ్యాపు మీద గీత్తే ఎక్కడికొచ్చింది? సుక్క మీదకేనా? సూసారా, నాను సెప్పలేదా!

ఇంకా గడువుందంట గదా, అభ్యంతరం రాసి పంపీండి. బేగి పంపీండి.

ఏటీ? మళ్ళీ గోడకా? దిబ్బ సుట్టూ ఎర్ర గీత గీసి, మార్చిన ఆ మ్యాపు కూడా హార్బర్ గోడకంటించాలా? అందరికీ సూపించాలా? ఓలమ్మో, ఇదేం సట్టమమ్మా!

అంటే మా అన్న గవర్రాజు సూత్తాడు. పేట పేటంతా సూత్తాది. దాత్తే ఆయిలోళ్ళు పట్టుకుపోతారు, సెప్తే ఊరోళ్ళు పట్టుకుపోతారు.

ఉండండి. రాయకండి. కొంచెం ఆలోసించుకోనీండి. మంచినీళ్ళున్నాయేటి?

...సరే. అంటించీండి.

అవునమ్మా, తెలిసే అంటన్నాను. ఊరోడేటి సేత్తాడు? వత్తాడు, వలేత్తాడు, దొరికింది పట్టుకుని ఇంటికి పోతాడు. సముద్రంలో ఇనపకాళ్ళు దింపి కూసునే ఆ ఆయిలోడు పోతాడేటి? మా అన్న ఎక్కువ పట్టినాడంటే ఒడ్డు మీద జుట్టు పట్టుకుని అడుగుతాను. ఇనపకాళ్ళకి జుట్టేదీ పట్టుకోడానికి?

బాధా? ఎందుకుండదు? రేప్పొద్దున్న నా గంపలో కోనాలు సగమైపోతాయి. ఇన్నాళ్ళూ పెళ్ళానికి కూడా సెప్పకుండా దాసుకున్నాడు మా మావ.

ఒక్క సాయం సెయ్యండి. గోడ మీద సూసి ఆయన మీ దగ్గరికే వత్తాడు, ఎవరు సెప్పినారని అడుగుతాడు. శాటిలైట్లో కనబడిపోయిందని సెప్పండి. నమ్ముతాడు. ఆకాశంతో ఎవడు దెబ్బలాడతాడు? నా పేరు మాత్రం ఎత్తకండి, నాను ఆ ఇంట్లోనే ఉండాల.

అదిగో, మళ్ళీ వత్తన్నాడు. ఆ మ్యాపు తిప్పీండి, తిప్పీండి!

రా మావా, పనైపోయింది. మేడంగారు సాలా మంచోరు. మనకేటి కావాలో అంతా రాసుకున్నారు.