ఇద్దరు లింగమూర్తులు, ఒక్క కాయిదం

హలో… కంపెనీ ఆఫీసేనా? ఆ, తేజస్వినమ్మా, నేను డ్రైవర్ లింగమూర్తిని. మాదాపూర్ ఎస్టీడీ బూతు కాడికెల్లి.

గదే ముచ్చట. పోయిన వారం మీ కంపెనీ బస్సు తోలి చూపిచ్చిన. మేనేజర్ సారు భుజం తట్టిండు. ఇయ్యాల పోతె కంప్యూటర్ల ‘పనికిరాడు’ అని ఉన్నదంటున్నరు. ఎందుకు పనికిరానో జర చదివి చెప్పు…

చెప్పొద్దా? నా కాయిదం నాకే చెప్పరాదంటె ఎట్లమ్మా?…

ఓహో, లింగమూర్తి నేనేనని రుజువు గావాలె. అడుగు మరి.

పుట్టిన తారీకా? జూన్ ఒకటి, అరవై రెండు… కలుస్తలేదా? నవ్వకమ్మా! తల మీదికెల్లి చెయ్యి తిప్పితె చెవి అందింది, ఐదేండ్లని బడి సారే ఆ తారీకు రాసుకున్నడు. అంతకన్న రుజువు నా కాడ లేదు.

నాయిన పేరు రాజయ్య… అదీ కలుస్తలేదా?

ఆగాగు! ఆర్నెల్ల కింద వాచ్‌మన్ పనికి ఇంకో లింగమూర్తి వచ్చిండా మీ కాడికి?… మా అన్ననే! పెదనాయిన కొడుకు. ఇద్దరికీ తాత పేరే పెట్టిండ్రు. ఆయన పెద్ద లింగమూర్తి, నేను చిన్న లింగమూర్తి… పెద్ద, చిన్న రాసే జాగ లేదా మీ కంప్యూటర్ల? మస్తున్నది! మా ఊర్ల బర్రెలు గూడ మమ్ముల గుర్తుపడ్తయ్.

నాయిన పేరు పోచయ్య అని కొట్టి చూడు… తెరుసుకున్నదా!

ఆయనది నాకు చెప్పొద్దా? నిజమే. అన్న ఈడనే ఉన్నడు, బూతు బయట బెంచి మీద. అన్నా, నీది చదవమందునా?… చదవమంటున్నడమ్మా. ఆయన కాయిదం ఆయనే అడుగుతున్నడు.

…

రెండు కండ్లల్లనా?… శుక్లాలు? అందుకే పనికిరాడని రాసిండ్రా?

మీ డాక్టర్ చూసి రాసిండు, మరి ఈయనకెందుకు చెప్పలే? ‘కబురు చేస్తం పో’ అన్నరు, అంతే… నిన్ను అంటలేను బిడ్డా. నువ్వన్న చదివినవు.

ఇన్ని దినాలు కరెంటోళ్లను తిడుతున్నడమ్మా, ఎలుతురు తక్కువిస్తున్నరని! ఇంట్ల బల్బులన్ని మార్చిండు…

ఆపరేషన్ చేస్తె మంచిగైతదా? మీ అమ్మమ్మకు గూడ అయిందా? ఇప్పుడు పేపర్ చదువుతదా! నీ నోట్ల చక్కెర పొయ్య.

ఇగ నాది?… వేరే కాయిదం తీస్తవా? పేరు ముంగట చిన్న అని పెట్టు, మర్వకు… సారు సంతకం పెడ్తడా? అడిగి రామ్మా, ఉంట లైన్ల…

…

సోమవారం గచ్చిబౌలి రూటా! నిజంగనా? పొద్దుగాల్నే వస్తనమ్మా.

ఇంకొక్కటి. రెండు కాయిదాలు అచ్చు తీసి పెట్టు. నాదొకటి, అన్నదొకటి. అన్నది కండ్ల డాక్టర్‌కు చూపియ్యాలె… ఆ, గంటల వస్త. పెట్టేస్తున్న.

అన్నా, లే! కాయిదం తీస్కొని మెహదీపట్నం కండ్ల దవాఖానకు పోదం… నాకు నౌకరి వచ్చింది, అది తర్వాత. నీ కండ్లల్ల శుక్లాలంట, తీసేస్తె పోతయంట… అవునే, వాళ్లకు ఆర్నెల్ల సంది తెలుసు. నీకు చెప్పుడే మర్చిపోయిండ్రు.